చుక్క నెత్తురు, డెబ్బై రెండు గంటలు: దోమ గుడ్డు తయారీలో జన్యువుల వంతులు

(హనుమకొండలో జంతుశాస్త్ర విద్యార్థులకు, దోమల నివారణ సిబ్బందికి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతుందా? సరే.

ఒక లెక్కతో మొదలుపెడదాం. మనం టైగర్ దోమ అనే ఈడిస్ ఈజిప్టై ఆడదోమ బరువు రెండు మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఒకసారి వాలి కడుపునిండా తాగితే దాని పొట్టలోకి పోయే నెత్తురు రెండు నుంచి మూడు మైక్రోలీటర్లు. అంటే తన బరువంత తాగి లేస్తుంది. గది 27, 28 డిగ్రీల వేడిలో ఉంటే మూడో రోజుకు ఆ పొట్టలో నెత్తురు జాడ ఉండదు, దాని చోట వంద దాకా నిండు గుడ్లు ఉంటాయి. కుట్టడం అందరికీ తెలుసు, గుడ్లు పెట్టడం అందరికీ తెలుసు. ఇవాళ మనకు కావలసింది మధ్యలో ఉన్న 72 గంటలు, వాటికి ముందు మూడు రోజులు, గుడ్డు బయట పడ్డాక మొదటి అరరోజు. ఏ గంటకు ఏ జన్యువు మేల్కొంటుంది, ఏ గంటకు నోరు మూసుకుంటుంది అన్నదాంట్లోనే దోమ సంతానం గుట్టంతా ఉంది. ల్యాబులో ప్రయోగం చెడినా, బస్తీలో మందు పని చెయ్యలేదని ఫిర్యాదు వచ్చినా, చాలాసార్లు మనం ఆ వంతులు చూసుకోకపోవడమే కారణం.

మన దగ్గర ముఖ్యంగా మూడు జాతులతో పని. ఇంటి ముందరి హౌజులు, డ్రమ్ములు, కూలర్ల అడుగు నీళ్లు ఈడిస్‌వి. మోరీలు, మురికి గుంటలు క్యూలెక్స్‌వి. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు వాగుల పక్కన నిలిచే తేట నీళ్లు అనాఫిలిస్‌వి. జన్యువుల సంగతి మనకు ఎక్కువ తెలిసింది ఈడిస్‌లోనే. కారణం చాలా మామూలుది: దాని గుడ్లు ఎండబెట్టి డబ్బాలో దాచుకోవచ్చు, కావలసినప్పుడు నీళ్లలో వేసి పిల్లలను లేపుకోవచ్చు. మిగతా రెండింటినీ ఒక్క తరం కూడా తెగకుండా పెంచుతూనే ఉండాలి.

జీనోమ్, అంటే దోమ డీఎన్‌ఏ మొత్తం రాత, దాని విషయం రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతా. అనాఫిలిస్ గాంబియేది 2002లో వచ్చింది, సుమారు 28 కోట్ల బేస్ జతలు. ఈడిస్ ఈజిప్టైది 2007లో వచ్చింది, దాదాపు 138 కోట్లు. 2018లో సరిచేసిన కూర్పులో అది 128 కోట్లకు తేలింది. ఎంత సరిచేసినా అనాఫిలిస్‌కు నాలుగైదింతలు. ఆ పెద్దతనం జన్యువుల సంఖ్యది కాదు. సగానికి పైగా గెంతే డీఎన్‌ఏ ముక్కలే, అంటే ట్రాన్స్‌పోజాన్లే. ప్రైమర్లు, అంటే కావలసిన జన్యువును పట్టి నకలు తీయించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, గీసుకునే విద్యార్థులు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఈడిస్‌లో ప్రైమర్ ఎక్కడెక్కడ అతుక్కుంటుందో జీనోమ్ మొత్తం మీద వెతికి చూడకుండా ఆర్డర్ ఇస్తే జెల్ మీద ఒక గీత బదులు నిచ్చెన కనబడుతుంది.

ఇక అండాశయం. రెండుంటాయి. ఒక్కోదాంట్లో దోమ సైజును బట్టి 50 నుంచి 100 దాకా అండనాళికలు. ప్రతి నాళికలో ఒకదాని వెనక ఒకటి పుటికలు. ఈ విడత పెరిగేది ముందున్న పుటిక ఒక్కటే, వెనకది తర్వాతి నెత్తురు కోసం కాచుకుని ఉంటుంది. పుటిక లోపల ఎనిమిది కణాలు: ఒకటి అండం, ఏడు పోషక కణాలు. ఈగల మీద చదువుకున్నవాళ్లు పదిహేను పోషక కణాలని రాసేస్తారు. అది డ్రోసోఫిలా లెక్క, అక్కడ నాలుగు విభజనలు జరుగుతాయి. దోమలో మూడే. పోషక కణాలు తమ డీఎన్‌ఏను పలుమార్లు నకలు తీసి బలిసి, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు (ప్రోటీన్ చెయ్యమని జన్యువు పంపే చీటీలు), రైబోజోములు (ఆ ప్రోటీన్ చేసే యంత్రాలు) తయారుచేసి సన్న దారుల గుండా అండంలోకి పంపుతాయి. వీటన్నింటి చుట్టూ ఒక వరుస పుటిక కణాలు గోడలా ఉంటాయి. ఈ గోడకు రెండు ఉద్యోగాలు. మొదట హార్మోన్ తయారీ, చివర్లో గుడ్డు పెంకు తయారీ.

ప్యూపా నుంచి బయటికొచ్చిన ఆడదోమ ఆ రోజే గుడ్డుకు తయారుగా ఉండదు. తల వెనక కార్పోరా అలాటా అనే చిన్న గ్రంథులు జువెనైల్ హార్మోన్ వదులుతాయి. రెండో రోజుకు అది బాగా పెరుగుతుంది. కణాల్లో దాన్ని పట్టుకునే గ్రాహకం పేరు మెట్. అది టైమాన్ అనే తోడు ప్రోటీన్‌తో జతకట్టి డీఎన్‌ఏ మీద కూర్చుని వందల జన్యువులను కదిలిస్తుంది. పుటిక పెరిగి సుమారు 100 మైక్రాన్ల పొడవు దగ్గర ఆగిపోతుంది. ఫ్యాట్‌బాడీలో, అంటే పొట్ట గోడ లోపలి వైపు అంటుకుని ఉండే కొవ్వు కణజాలంలో, రైబోజోముల తయారీ ఊపందుకుంటుంది.

వరి కోతలకు ముందు కొనుగోలు కేంద్రం ఎట్లుంటదో చూసే ఉంటారు. గోనెసంచులు దిగుతాయి, కాంటా సరిచూస్తారు, హమాలీలను మాట్లాడుకుంటారు. ఒక్క గింజ వడ్లు రాలేదు, ఒక్క సంచి కూడా తూకం కాలేదు. కానీ వడ్లొచ్చాక ఈ పనులు మొదలుపెడితే కుప్పలు వానకు తడుస్తాయి. జువెనైల్ హార్మోన్ చేసేది సరిగ్గా ఆ ముందు ఏర్పాటే. సొన ప్రోటీన్ అయిన విటెల్లోజెనిన్ జన్యువు ఈ మూడు రోజులూ మూసే ఉంటుంది. గాటా కుటుంబానికి చెందిన ఒక నిరోధక ప్రోటీన్ దాని వాకిట్లో కూర్చుని తాళం కాపలా కాస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచు జరుగుతాయి. ఒకటి, బయటికొచ్చిన మర్నాడే దోమలకు నెత్తురు పెట్టడం. కొన్ని తాగవు. తాగినవాటిలో సొన తయారీ వెనకబడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల వయసు దోమలనే వాడండి. రెండోది లార్వాల ట్రే. తిండి చాలక, ఇరుకులో పెరిగిన లార్వా నుంచి చిన్న దోమ వస్తుంది, దాని ఒంట్లో నిల్వలు తక్కువ. అట్లాంటి దోమ మొదటి నెత్తురును ఒంటి బలానికే వాడుకుని, రెండోసారి తాగితే గానీ గుడ్లు పెట్టకపోవచ్చు. అనాఫిలిస్‌లో ఇది మరీ ఎక్కువ. ‘మా జన్యువును అణిచేసినాం, గుడ్లు తగ్గినయి’ అని రాసే ముందు కంట్రోల్ దోమల రెక్క పొడవు, ప్రయోగం దోమల రెక్క పొడవు కొలిచి పక్కపక్కన పెట్టండి. ఒంటి సైజుకు రెక్క పొడవే అందరూ వాడే కొలత.

సరే, నెత్తురు పడింది. ఇప్పుడు పనులు ఒకేసారి నాలుగు చోట్ల మొదలవుతాయి.

మొదటిది పేగు. ఎర్లీ ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌కు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ నెత్తురుకు ముందే, జువెనైల్ హార్మోన్ ఉన్న రోజుల్లోనే రాసిపెట్టి ఉంటుంది. ప్రోటీన్‌గా మారేది మాత్రం నెత్తురు పడ్డాకే, మొదటి కొద్ది గంటల్లో. అది రుచి చూసేంత పని చేస్తుంది. అసలు అరుగుదల లేట్ ట్రిప్సిన్‌ది. దాని జన్యువు ఎనిమిది, పది గంటలకు జోరందుకుని 24 గంటల దగ్గర పతాక స్థాయికి పోతుంది. మధ్యలో నెత్తురు ముద్ద చుట్టూ కైటిన్ (పురుగుల పైపెంకులో ఉండే గట్టి పదార్థం), ప్రోటీన్లతో సన్నని సంచి అల్లుకుంటుంది. హిమోగ్లోబిన్ విరిగితే బయటపడే హీమ్ కణాలకు విషం. దాన్ని పట్టి ఉంచేది ఆ సంచే.

రెండోది మెదడు. పొట్ట సాగడం, అమైనో ఆమ్లాలు పెరగడం తెలియగానే మెదడులోని నాడీస్రావక కణాలు ఇన్సులిన్ లాంటి పెప్టైడ్లను, అండాశయాన్ని ఎక్డైసోన్ చెయ్యమని తట్టే ఓఈహెచ్ అనే హార్మోన్‌ను వదులుతాయి. ఈ వార్త అండాశయానికి చేరుతుంది, అది మూడో చోటు. పుటిక కణాలు కొలెస్టరాల్ నుంచి ఎక్డైసోన్ చేసి బయటికి వదులుతాయి. ఈ కొలెస్టరాల్‌ను కీటకాలు తమంతట తాము తయారుచేసుకోలేవు, తిండి నుంచి రావలసిందే. వదిలిన ఎక్డైసోన్ కూడా నేరుగా పనికిరాదు. ఫ్యాట్‌బాడీలో షేడ్ అనే ఎంజైమ్ దానికి ఒక హైడ్రాక్సిల్ తగిలించి 20-హైడ్రాక్సీఎక్డైసోన్‌గా మారుస్తుంది. ఆ మాటను నేను ఇకపై 20ఈ అంటాను, నోరు తిరగాలి కదా.

నాలుగోది ఫ్యాట్‌బాడీ. ఇక్కడ రెండు తాళంచెవులు కావాలి. ఒకటి 20ఈ. అది ఈసీఆర్, యూఎస్‌పీ అనే జంట గ్రాహకం మీద కూర్చుంటుంది. ఆ జంట ముందుగా ఈ74, ఈ75, బ్రాడ్ అనే తొలి వరుస జన్యువులను లేపుతుంది, వాటితో కలిసి విటెల్లోజెనిన్ జన్యువును తెరుస్తుంది. రెండో చెవి అమైనో ఆమ్లాలు. నెత్తురు అరిగి అవి పెరిగినట్టు టార్ అనే కైనేజ్ కనిపెడుతుంది, ఎస్6 కైనేజ్ ద్వారా ప్రోటీన్ తయారీని పరుగెత్తిస్తుంది, వాకిట్లోని నిరోధకం పోయి పని చేయించే గాటా ప్రోటీన్ అక్కడికి వస్తుంది. ఉత్త 20ఈ ఇస్తే జన్యువు పూర్తిగా కదలదు. ఉత్త అమైనో ఆమ్లాలిచ్చినా అంతే. రెండూ కలిస్తేనే పంపు నీళ్లు ఎత్తుతుంది. దోమకు ఇది తెలివైన ఏర్పాటు అనుకోవాలి. అరకొర నెత్తురుకు వంద గుడ్లు మొదలుపెట్టి మధ్యలో చేతులెత్తేసే నష్టం దీంతో తప్పుతుంది. ఒకవేళ సరుకు చాలకపోతే కొన్ని పుటికలను కరిగించి ఆ సరుకును మిగతావాటికి మళ్లిస్తుంది. అందుకే సగం తాగిన దోమ గుడ్ల సైజు తగ్గదు, లెక్క తగ్గుతుంది.

మధ్యలో ఒక చిన్న మాట. మనిషి నెత్తురులో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. దోమకు దొరికిన ప్రోటీన్‌లో చాలా భాగం గుడ్డులోకి పోకుండా కాలి శక్తిగా మారిపోవడానికి ఇదొక కారణం. అప్పుడు పుట్టే అమ్మోనియాను గ్లుటమిన్, ప్రోలిన్‌గా మార్చి సర్దుకుంటుంది.

విటెల్లోజెనిన్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ 24 గంటల దగ్గర శిఖరానికి పోతుంది. 20ఈ కూడా 18 నుంచి 24 గంటల మధ్య అక్కడే. తయారైన ప్రోటీన్‌ను ఫ్యూరిన్ లాంటి కత్తెర ఎంజైమ్ రెండు ముక్కలు చేస్తుంది, పెద్దది సుమారు 200 కిలోడాల్టన్లు, చిన్నది 66. చక్కెరలు, ఫాస్ఫేట్లు తగిలించుకుని అది దోమ ఒంట్లోని ద్రవంలోకి వస్తుంది. అండం పైపొర మీద దానికోసమే ఉన్న గ్రాహకాలు దాన్ని పట్టి లోపలికి మింగుతాయి. కొవ్వును లైపోఫోరిన్ మోసుకొస్తుంది.

30 గంటలు దాటగానే అన్నీ దిగడం మొదలు. 20ఈ పడిపోతుంది, 36 గంటలకు విటెల్లోజెనిన్ రాత దాదాపు ఆగిపోతుంది, ఫ్యాట్‌బాడీ కణాలు తమ లోపలి యంత్రాంగాన్ని తామే తినేసి శుభ్రం చేసుకుంటాయి. చాలామంది ఈ దిగుడు భాగాన్ని చదవరు, ఎక్కుడు గురించే రాస్తారు. కానీ ఆపడం తెలియని దోమకు రెండో విడత లేదు. అణిచివేత ప్రయోగాల్లో ఆటోఫేజీని, అంటే ఈ తమను తామే తినడాన్ని, అడ్డుకుంటే విటెల్లోజెనిన్ తయారీ టైముకు ఆగదు, తర్వాతి విడత గుడ్లు దెబ్బతింటాయి. ఈ సమయపాలనలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలకూ వాటా ఉంది. ఇరవై రెండు అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఇవి. మిర్-275ను అడ్డుకుంటే నెత్తురు సరిగ్గా అరగదు, గుడ్లు ఎదగవు. మిర్-8ను అడ్డుకుంటే ఫ్యాట్‌బాడీ నుంచి సొన ప్రోటీన్ బయటికి రావడం కుంటుపడుతుంది.

[సభలోంచి ఒక విద్యార్థిని: మేడం, ఈ గంటలన్నీ మా ల్యాబులో పట్టుకోవాలంటే శాంపిళ్లు ఎట్ల తియ్యాలి?]

మంచి ప్రశ్న, అసలు పని అక్కడే చెడుతుంది. గది 27 డిగ్రీలు, తేమ 80 శాతం. దోమలకు పది శాతం చక్కెర నీళ్లు. నెత్తురు పెట్టే ముందు 12 నుంచి 24 గంటలు ఆ చక్కెర తీసెయ్యండి. ఫీడర్‌లో నెత్తురు 37 డిగ్రీలు ఉండాలి, పారాఫిల్మ్ పల్చగా సాగదీసి కట్టాలి. తాగకపోతే ఏటీపీ ఒక మిల్లీమోలార్ కలపండి. అరగంట, ముప్పావు గంట కంటే ఎక్కువ వదలొద్దు. రెండు గంటలు వదిలితే మొదట తాగినదానికీ చివర తాగినదానికీ రెండు గంటల తేడా వచ్చి మీ ‘6 గంటల’ శాంపిల్‌కు అర్థం పోతుంది. తర్వాత ఐసు మీద పెట్టి, పొట్ట గుండ్రంగా ఎర్రగా ఉన్నవాటినే ఏరుకోండి. సగం తాగినవి పక్కకు.

తాగనివి సున్నా గంటగా పెట్టుకుని 6, 12, 18, 24, 36, 48, 72 గంటలకు శాంపిళ్లు. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం చుక్కలో పొట్ట చివరి రెండు ఖండాలను ఫోర్సెప్స్‌తో మెల్లగా లాగితే అండాశయాలు, పేగు కలిసి వస్తాయి. మిగిలిన పొట్ట గోడే మీ ఫ్యాట్‌బాడీ శాంపిల్. పేగు చిట్లి నెత్తురు అంటితే ఆ శాంపిల్ పారెయ్యండి, జాలి వద్దు. హీమ్ ఉంటే పీసీఆర్‌లో డీఎన్‌ఏను నకలు తీసే ఎంజైమ్ మొరాయిస్తుంది, మీరేమో జన్యువు పని చెయ్యలేదని రాస్తారు. ఐదు నుంచి పది దోమలవి కలిపి ఆర్‌ఎన్‌ఏ తీసే ట్రైజాల్‌లో వెయ్యండి, మిగిలిన డీఎన్‌ఏను కోసేసే డీఎన్‌ఏస్ మరవొద్దు. పోలికకు ఒక్క రైబోజోమ్ జన్యువు మీదే ఆధారపడొద్దు. ముందే చెప్పినట్టు గుడ్డు తయారయ్యే ఈ కొద్ది రోజుల్లో రైబోజోముల తయారీయే ఎక్కిదిగుతుంది. కనీసం రెండు రిఫరెన్స్ జన్యువులు పెట్టి అవి నిలకడగా ఉన్నాయో లేదో చూపించండి.

జన్యువును అణచాలంటే 300 నుంచి 500 బేస్ జతల ముక్కకు రెండు వైపులా టీ7 ప్రొమోటర్ తోక (ఆర్‌ఎన్‌ఏ రాత మొదలయ్యే గుర్తు) పెట్టి జంటపోగు ఆర్‌ఎన్‌ఏ చేసుకోవాలి. ఒక్కో దోమకు ఒకటి నుంచి రెండు మైక్రోగ్రాములు, అర మైక్రోలీటరు మించకుండా, ఛాతీ పక్కన గుచ్చాలి. కంట్రోల్‌కు దోమలో లేని మిణుగురు లూసిఫెరేజ్ జన్యువు జంటపోగు. గుచ్చిన రోజు చచ్చినవి గాయంతో చచ్చినవి, వాటిని లెక్కలో కలపొద్దు. మూడు రోజులు కోలుకోనిచ్చి నెత్తురు పెట్టండి. గాయపడ్డ దోమ తక్కువ తాగుతుంది, తక్కువ తాగితే గుడ్లు ఎట్లాగూ తగ్గుతాయి. అణచడం వల్ల తగ్గాయా, ఆకలి తగ్గి తగ్గాయా తేల్చకుండా పేపర్ పంపకండి.

ఇప్పుడు పెంకు దగ్గరికి వద్దాం, దోమల నివారణ సిబ్బందికి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

36 గంటలు దాటాక పుటిక కణాలు రెండో ఉద్యోగంలోకి మారతాయి. పెంకు ప్రోటీన్లు, ఎంజైములు వదిలి లోపొర, పైపొర కడతాయి. అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ఈఓఎఫ్1 అనే జన్యువును బయటపెట్టారు. పేరుకు అర్థం గుడ్డు పెంకును కుదిర్చే అంశం అని. దాన్ని అణచిన ఆడదోమ మామూలుగానే తాగుతుంది, మామూలుగానే గుడ్లు పెడుతుంది, కానీ పెంకు సరిగ్గా కుదరదు, చాలా గుడ్లు నల్లబడవు, లోపలి పిండం దాదాపు అన్నింట్లో చనిపోతుంది. ఈ జన్యువు దోమల్లో తప్ప మిగతా కీటకాల్లో కనబడదు. తేనెటీగను, సీతాకోకచిలుకను ముట్టని మందు కావాలనుకునేవాళ్ల కళ్లు దీని మీద పడటానికి కారణం అదే. దాన్నుంచి బజారులో దొరికే మందు దాకా చాలా దూరం ఉంది, ఆ మాట కూడా చెప్పాలి.

పెట్టినప్పుడు గుడ్డు తెల్లగా ఉంటుంది. రెండు మూడు గంటల్లో నల్లబడుతుంది. టైరోసిన్ నుంచి డోపా, డోపా నుంచి డోపమైన్, చివరికి మెలనిన్. ఈ గొలుసులోని ఎంజైములను తల్లే పెంకులో ముందుగా పెట్టి పంపుతుంది. నలుపు వచ్చింది కాబట్టి గుడ్డు గట్టిపడింది అనుకుంటారు చాలామంది. అది సగం నిజం. నల్ల గుడ్డును ఆ వెంటనే నీళ్లలోంచి తీసి ఎండబెట్టండి, ముడుచుకుపోతుంది. అసలు కవచం పిండం తనకు తాను కట్టుకుంటుంది. పిండం చుట్టూ సెరోసా అనే పొర పెరిగి, దాని కణాలు కైటిన్ సింథేజ్ జన్యువును తెరిచి, పెంకు లోపల కైటిన్‌తో ఒక కంచుకం దించుతాయి. ఈడిస్‌లో 28 డిగ్రీల దగ్గర ఇది గుడ్డు పడ్డ 11 నుంచి 13 గంటల మధ్య జరుగుతుంది. పదో గంటకు ఎండితే చావే. పదిహేనో గంటకు ఎండినా బతుకుతుంది, పిండం పూర్తయ్యాక నెలల తరబడి హౌజు గోడకు అతుక్కుని ఉంటుంది.

పిండం తయారీకి ఈడిస్‌కు సుమారు 77 గంటలు, క్యూలెక్స్‌కు 34. ఈ క్యూలెక్స్ కూడా కంచుకం కడుతుంది కానీ దాని గుడ్డు నీళ్లు లేకుండా ఓర్చుకునేది కొద్ది గంటలే, అనాఫిలిస్‌ది ఒక రోజు అటూ ఇటూ. అంటే కైటిన్ కంచుకం ఒక్కటే చాలదు. దాని మందం, పెంకు నలుపు, గుడ్డు సైజు అన్నీ కలిస్తేనే ఈడిస్ మొండితనం.

ఇప్పుడు ‘డ్రై డే’, అంటే నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, దాని లెక్క చూడండి. హౌజు ఖాళీ చేస్తే లార్వాలు, ప్యూపాలు పోతాయి. నీటి అంచుకు కొంచెం పైన తడి గోడ మీద ఉన్న గుడ్లు పోవు. మళ్లీ నీళ్లు నింపి అవి మునగగానే లేస్తాయి. కాబట్టి ఖాళీ చెయ్యడంతో పాటు కొబ్బరిపీచుతోనో బ్రష్షుతోనో అంచు చుట్టూ గట్టిగా రుద్దాలి, రుద్దిన నీళ్లను మట్టి మీద పారబొయ్యాలి. పక్క డ్రమ్ములో పోస్తే గుడ్లకు ఇల్లు మార్చినట్టే. వేసవి అయిపోయాక కూలర్ అటక మీద పెట్టి, మళ్లీ ఎండాకాలంలో దించి కడగకుండా నీళ్లు పోస్తే పోయిన ఏడాది గుడ్లు కూడా లేవగలవు. తల్లికి కూడా ఎండను తట్టుకునే ఉపాయం ఉంది. తడి చోటు దొరకకపోతే తయారైన గుడ్లను కడుపులోనే వారాల కొద్దీ పట్టుకుని ఉంటుంది. ఆ కాలంలో గుడ్లు చెడకుండా కాపాడే రెండు పక్కపక్క జన్యువులను 2023లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వాళ్లు గుర్తించారు.

జతకట్టడం గురించి కొద్దిగా. ఆడ ఈడిస్ దాదాపు ఒక్కసారే జతకట్టి, వచ్చిన వీర్యాన్ని మూడు శుక్రగ్రాహికల్లో బతికినన్నాళ్లు దాచుకుంటుంది. అనాఫిలిస్‌కు శుక్రగ్రాహిక ఒక్కటే. అనాఫిలిస్ గాంబియేలో ఇంకో విచిత్రం ఉంది, మగదోమ తన వైపు నుంచే 20ఈ ఇస్తుంది, వీర్యంతో పాటు పెట్టే బిరడాలో. అది ఆడదోమలో గుడ్ల సంఖ్యను పెంచే జన్యువును లేపుతుంది. ఈడిస్‌లో మగతనాన్ని నిర్ణయించేది ఒకటో క్రోమోజోమ్ మీద నిక్స్ అనే జన్యువు, 2015లో దొరికింది. దాన్ని ఆడ పిండంలో పెడితే మగదోమ అవుతుంది, సంతానాన్ని కూడా ఇస్తుంది, కానీ ఎగరలేదు. ఎగరడానికి పక్కనున్న ఇంకో జన్యువు కావాలి.

ఇక్కడ ఒక చిక్కు చెప్పకపోతే తప్పవుతుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ నెత్తురు తాగిన అనాఫిలిస్ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ కడుపు పక్కనే అండాశయం ఉంటుంది. గుడ్డుకూ పరాన్నజీవికీ సరుకు ఒకే నెత్తురులోంచి రావాలి. కాబట్టి గుడ్డును ఆపితే పరాన్నజీవి కూడా ఆగుతుందనిపిస్తుంది. 2019లో వచ్చిన ఫలితాలు వేరుగా ఉన్నాయి. అనాఫిలిస్ గాంబియేలో 20ఈ పనిని దెబ్బతీస్తే గుడ్లు తగ్గాయి, పరాన్నజీవి మాత్రం మిగిలిపోయిన కొవ్వుతో ఇంకా తొందరగా పెరిగింది. గుడ్లు పెట్టని దోమ కుట్టని దోమ కాదు. గుడ్డు మీద పని చేసే ఏ పద్ధతినైనా, అది దోమ ద్వారా జబ్బు సోకే తీరును ఏం చేస్తుందో చూడకుండా ఊళ్లోకి తేవొద్దని నా అభిప్రాయం.

చివరగా వాడుకలో ఉన్న మందు ఒకటి. పైరిప్రాక్సిఫెన్ అంటే జువెనైల్ హార్మోన్ వేషం వేసుకున్న రసాయనం. మెట్ గ్రాహకం మీదే కూర్చుంటుంది. హార్మోన్ దిగిపోవలసిన వేళ కూడా అది దిగదు కాబట్టి ప్యూపాలోంచి దోమ రాదు. నెత్తురు తాగిన ఆడదోమకు తగిలితే సొన వంతులు చెదిరి గుడ్లు తగ్గుతాయి, పెట్టినవి కూడా సరిగ్గా పొదగవు. తాగే నీళ్ల నిల్వలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మోతాదు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. వెయ్యి లీటర్ల సంపుకు 10 మిల్లీగ్రాముల అసలు మందు, అంటే 0.5 శాతం గుళికలు 2 గ్రాములు. లార్వాలను చంపే టెమిఫాస్ అయితే లీటరుకు 1 మిల్లీగ్రాము, ఒక శాతం ఇసుక గుళికలు అదే సంపుకు 100 గ్రాములు. రెండు డబ్బాలకు ఒకే చెంచా వాడితే ఏమవుతుందో మీరే లెక్కెయ్యండి. సంపు మొత్తం పట్టే నీళ్లకు లెక్క కట్టాలి, ఆ రోజు ఉన్న నీళ్లకు కాదు.

[సభలోంచి ఒక ఆరోగ్య కార్యకర్త: మేడం, అది వేసిన వారానికి కూడా పురుగులు ఈదుతనే ఉంటయి. జనం మమ్మల్నే తిడ్తరు.]

ఈదుతాయి అన్నా. పైరిప్రాక్సిఫెన్ లార్వాను చంపదు. పది పదిహేను ప్యూపాలు గ్లాసులో తీసుకుని, పైన దోమతెర గుడ్డ కట్టి, మూడు రోజులు చూడండి. దోమలు ఎన్ని లేచాయన్నదే లెక్క. ఆ గ్లాసును ఇంటివాళ్లకే చూపించండి. లార్వాలు ఉన్నాయని మళ్లీ మళ్లీ మందు వెయ్యొద్దు.

[మరో విద్యార్థి: మా దగ్గర గుడ్లు నల్లగానే వస్తున్నయి, నీళ్లలో వేస్తే మాత్రం లేస్తలేవు.]

గుడ్లు ఎండబెట్టగానే నొక్కుకుపోయాయా, నిండుగా ఉన్నాయా? ముందు అది చూడండి. నొక్కుకుపోతే రెండు కారణాలు. ఒకటి, మగదోమలు చాలక జతకట్టడం జరగలేదు. పిండమే లేకపోతే సెరోసా లేదు, కంచుకం లేదు. తల్లి ఇచ్చిన నలుపు మాత్రం వస్తుంది. ఆడదోమ శుక్రగ్రాహికలు తీసి స్లైడు మీద చిట్లించి చూడండి, వీర్యకణాలు సుడి తిరుగుతూ కనబడాలి. రెండోది, కాగితం తొందరగా ఎండింది. గుడ్లు పెట్టిన కాగితాన్ని మూడు రోజులు పైగా తడిగా ఉంచి, నాలుగో రోజు నీడలో మెల్లగా ఆరబెట్టి, తేమ ఉన్న డబ్బాలో మూసిపెట్టండి. నిండుగా ఉండి కూడా లేవకపోతే నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువైంది. అది తగ్గితేనే లార్వాకు లేవమన్న కబురు. నీళ్లు మరిగించి మూతపెట్టి చల్లార్చి, చిటికెడు ఈస్టు వేసి కాగితం ముంచండి. గంట లోపు కదలిక కనబడాలి.